రాత్రి కాలేజీని మూసిన మాస్టారు: చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్

మన సభల్లో అమెరికా నల్లజాతి పోరాటం ప్రస్తావన వచ్చినప్పుడల్లా 1954 నాటి బ్రౌన్ తీర్పు గురించి మాట్లాడుకుంటాం. బడుల్లో నల్ల పిల్లలను, తెల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. ఆ కేసు వాదించిన థర్‌గుడ్ మార్షల్ పేరు కూడా మనలో చాలామందికి తెలుసు. మార్షల్‌కు లా నేర్పిన మాస్టారు చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ పేరు మాత్రం పెద్దగా వినిపించదు. తీర్పు వచ్చేనాటికి ఆయన చనిపోయి నాలుగేళ్ళు.

మేము ఆయన జీవితం చదవడం మొదలుపెట్టింది బ్రౌన్ కేసు మూలాలు వెతుక్కుంటూనే. కానీ మధ్యలో ఒక విషయం దగ్గర ఆగిపోయాం. హోవర్డ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ బాధ్యత చేతికి రాగానే హ్యూస్టన్ చేసిన మొదటి పెద్ద పని అక్కడి రాత్రి తరగతులను మూసేయడం. ఆయన తండ్రి లాయరైంది ఆ సాయంకాలపు తరగతుల్లో చదువుకునే. పగలు ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా ఉద్యోగం, సాయంత్రం లా పాఠాలు. అదే దారిలో రావాలనుకున్న మిగతా గుమస్తాలకు, పోస్టాఫీసు ఉద్యోగులకు కొడుకు ఆ దారి లేకుండా చేశారు. ఎందుకు చేశారు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఎవరి తరఫున కోర్టుల్లో నిలబడ్డారు అన్న రెండు ప్రశ్నలే ఈ వ్యాసం.

హ్యూస్టన్ 1895 సెప్టెంబరు 3న వాషింగ్టన్‌లో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తల్లి మేరీ టీచరు ఉద్యోగం మానేసి, ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళకు జుట్టు అలంకరించే పని చేసేవారు. ఆ సంపాదనే ఎక్కువ కావడంతో కొడుకు చదువుకు లోటు రాలేదు. నల్లజాతి పిల్లల కోసం ఉన్న ఎం స్ట్రీట్ హైస్కూలు దేశంలోనే పేరున్న బడి. అక్కణ్ణుంచి మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీకి వెళ్ళారు. తన తరగతిలో ఏకైక నల్ల విద్యార్థి. 1915లో అగ్రశ్రేణిలో పట్టా అందుకున్నారు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే, అక్కడికి ఎంతో దూరంలో లేని న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో మన బాబాసాహెబ్ చదువుకుంటున్నారు.

నల్లజాతిలో ఇది సుఖంగా ఉన్న కుటుంబం. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత కథలో ఇది అడ్డం వస్తుంది. హ్యూస్టన్‌కు తొలి దెబ్బ తగిలింది సైన్యంలో. మొదటి ప్రపంచ యుద్ధానికి నల్ల అధికారులకు అయోవా రాష్ట్రంలో వేరే శిక్షణ శిబిరం పెట్టారు. అందులో చేరి ఫస్ట్ లెఫ్టినెంట్ అయ్యారు. సైనిక విచారణల్లో పాలుపంచుకుంటూ, సరైన ఆధారం లేకుండానే నల్ల సైనికులకు శిక్షలు పడటం దగ్గరుండి చూశారు. ఫ్రాన్స్‌లో ఒక రాత్రి తెల్ల సైనికుల గుంపు ఆయన్నీ, తోటి నల్ల అధికారులనూ చుట్టుముట్టింది. ప్రాణాలతో బయటపడటమే గొప్ప. ఒంటి మీదున్న యూనిఫాం గానీ, భుజం మీదున్న హోదా గానీ ఆ రాత్రి అక్కరకు రాలేదు. బతికి ఇంటికి చేరితే లా చదివి, ఎదురు తిరిగి కొట్టలేనివాళ్ళ తరఫున నిలబడాలని అప్పుడే అనుకున్నానని తర్వాతి కాలంలో రాసుకున్నారు. తిరిగొచ్చిన 1919 వేసవిలోనే వాషింగ్టన్ వీధుల్లో తెల్ల మూకలు నల్లవాళ్ళ మీద దాడులకు దిగాయి.

ఆ ఏడాదే హార్వర్డ్ లా స్కూల్లో చేరారు. హార్వర్డ్ లా రివ్యూ సంపాదకవర్గంలో చోటు దక్కిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1922లో లా పట్టా, మరుసటి ఏడాది డాక్టరేటు. తర్వాత స్కాలర్‌షిప్ మీద స్పెయిన్ వెళ్ళి మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో సివిల్ లా చదివారు. 1924లో తిరిగొచ్చి తండ్రి ఆఫీసులో లాయరుగా కుదురుకున్నారు. సాయంత్రాలు హోవర్డ్‌లో పాఠాలు చెప్పేవారు.

ఇంతవరకు ఇది ఒక ప్రతిభావంతుడి కథ. అలాంటి కథలు ప్రతి సమాజంలోనూ ఉంటాయి. హ్యూస్టన్‌ను వేరే దారి పట్టించింది 1927, 28 సంవత్సరాల్లో ఆయన చేసిన ఒక సర్వే. దేశంలో నల్లజాతి లాయర్లు ఎంతమంది, ఎక్కడున్నారు, ఏ కేసులు చేస్తున్నారు అని ఆరా తీశారు. అలబామా రాష్ట్రంలో నల్లజాతి జనాభా 9 లక్షల పైమాటే. అక్కడి నల్ల లాయర్లను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దక్షిణాది అంతా కాస్త అటూ ఇటూగా ఇదే లెక్క. ఉన్న కొద్దిమందీ పెద్ద పట్టణాల్లోనే ఉన్నారు. కౌలు రైతును జమీందారు మోసం చేసినా, పిల్లవాణ్ణి దొంగతనం అంటగట్టి జైల్లో వేసినా ఆ పల్లెలో అడిగే మనిషి లేడు. తెల్ల లాయరు దొరికినా, నల్లవాడి తరఫున రాజ్యాంగం మాటెత్తితే ఆ ఊళ్ళో ఆయన ప్రాక్టీసు మూతపడేది. 1935లో నల్లజాతి లాయర్ల అవసరం మీద రాసిన వ్యాసంలో హ్యూస్టన్ ఈ లెక్కలన్నీ పెట్టారు.

1929లో హోవర్డ్ లా కాలేజీకి వైస్ డీన్ అయ్యారు. పేరుకు వైస్ డీనే గానీ నడిపింది ఆయనే. హోవర్డ్ తొలి నల్లజాతి అధ్యక్షుడు మోర్డికాయ్ జాన్సన్ వెనక నిలబడ్డారు. అప్పటికి ఆ కాలేజీకి అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు లేదు. అయినా దేశంలో ఉన్న నల్ల లాయర్లలో అత్యధికులు అక్కడ చదివినవాళ్ళే. హ్యూస్టన్ రాత్రి తరగతులు ఎత్తేశారు, ప్రవేశ అర్హతలు పెంచారు, లైబ్రరీని పెంచారు, పూర్తికాలం పనిచేసే అధ్యాపకులను తెచ్చారు. 1931కల్లా గుర్తింపు వచ్చింది. విద్యార్థుల సంఖ్య మాత్రం బాగా పడిపోయింది.

పూర్వ విద్యార్థులు మండిపడ్డారు. తెల్లవాళ్ళ కొలబద్దలు తెచ్చి మన పిల్లలను కొలుస్తారా అని కొందరు అడిగారు. పగలు పనిచేయకపోతే పొట్ట గడవని మనిషి ఇక లాయరు ఎలా అవుతాడని మరికొందరు అడిగారు. మొదటి విమర్శ మాకు అంత బలంగా అనిపించదు. రెండోదానికి హ్యూస్టన్ దగ్గర నిజంగా జవాబు లేదు.

ఆయన వాదన మరోచోట ఉంది. దక్షిణాది కోర్టులో నల్లవాడి కేసు కింది స్థాయిలో గెలవదని ముందే తెలుసు. జూరీలో అందరూ తెల్లవాళ్ళే. గెలిస్తే పైకోర్టులో గెలవాలి. కానీ కింది కోర్టులో సరైన సమయంలో సరైన అభ్యంతరం చెప్పి, దాన్ని రికార్డులోకి ఎక్కించకపోతే పైకోర్టు ఆ అంశాన్నే ముట్టుకోదు. జూరీలో నల్లవాళ్ళను ఎందుకు పెట్టలేదు అన్న ఒక్క ప్రశ్న విచారణ రోజున నోటిలో ఉండిపోతే, ఆ మనిషి ఉరికంబం ఎక్కుతాడు. పది గంటలు ఉద్యోగం చేసి అలసిపోయి వచ్చి చదివిన చదువు అక్కడ చాలదన్నది హ్యూస్టన్ అభిప్రాయం. ఏ సాయమూ లేకుండా చదివి నెగ్గుకొచ్చిన తండ్రి కళ్ళ ముందే ఉండగా ఈ నిర్ణయం తీసుకున్నారు.

మా మేనమామ ఒకరు పగలు గుమస్తాగా పనిచేస్తూ సాయంత్రం లా కాలేజీలో చదివి వకీలయ్యారు. 2008లో బార్ కౌన్సిల్ పెట్టిన నిబంధనల ప్రకారం రాత్రి 7 దాటాక లా తరగతులు నడపకూడదు. ప్రమాణాల కోసమే అన్నారు. ఆ నిబంధన ముందే ఉంటే మా ఇంట్లో నల్లకోటు ఉండేది కాదు. అందుకే హోవర్డ్ కథను మేము ఒకవైపు నుంచి మాత్రమే చదవలేకపోయాం.

తరగతి గదిలో హ్యూస్టన్ కఠినం. విద్యార్థులు ఆయనకు ఇనుప బూట్లు అని పేరు పెట్టుకున్నారు. చేరినవాళ్ళలో చివరిదాకా మిగిలినవాళ్ళు కొద్దిమందే. సమాజాన్ని తిరిగి కట్టడానికి పనికిరాని లాయరు దాని మీద పడి బతికే పురుగేనని నమ్మేవారు, అదే చెప్పేవారు. విద్యార్థులను కోర్టులకు, జైళ్ళకు తిప్పేవారు. బాల్టిమోర్ నుంచి రోజూ రైల్లో వచ్చి చదువుకునే మార్షల్ 1933లో తరగతిలో మొదటి స్థానంలో నిలిచారు. ఆయన ఊరికి దగ్గరున్న మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం లా స్కూలు నల్లవాళ్ళను చేర్చుకోదు. రోజూ ఆ రైలు ప్రయాణం అందుకే.

ఆ రోజుల్లో అమల్లో ఉన్న సూత్రం 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. వేరుగా ఉంచొచ్చు, సమానంగా ఉంటే చాలు. హ్యూస్టన్ దీన్ని నేరుగా ఢీకొనలేదు. సమానమన్నారు కదా, ఏది చూపించండి అని అడగడం మొదలుపెట్టారు. సౌత్ కరొలినా పల్లెలకు కారేసుకుని వెళ్ళి, సినిమా కెమెరాతో బడులను చిత్రీకరించారు. తెల్ల పిల్లలకు ఇటుక భవనాలు, బస్సులు. నల్ల పిల్లలకు చెక్క గుడిసెలు. ఈ దృశ్యాలను సంఘాల సమావేశాల్లో వేసి చూపించారు. దారిలో నల్లవాళ్ళకు హోటల్లో గది ఇవ్వరు కాబట్టి తెలిసినవాళ్ళ ఇళ్ళలో పడుకునేవారు. ఇలాంటి ప్రయాణాల్లో మార్షల్ కూడా ఆయన వెంట తిరిగారు.

1935లో హోవర్డ్ వదిలి న్యూయార్క్ వెళ్ళి, ఎన్ఏఏసీపీ అని పిలిచే నల్లజాతి హక్కుల జాతీయ సంఘానికి పూర్తికాలం న్యాయవాది అయ్యారు. (ఆ జూన్‌లోనే డాక్టర్ అంబేద్కర్ బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు.) పోరాటం కోసం ఒక నిధి మొదట లక్ష డాలర్లు ఇస్తామంది. మాంద్యం వల్ల చేతికి వచ్చింది పదివేలే. ఆ డబ్బుతో ఎక్కడ మొదలుపెట్టాలి? హ్యూస్టన్ లా కాలేజీలను ఎంచుకున్నారు. నల్లవాళ్ళకు వేరే లా కాలేజీ కట్టడం ఏ రాష్ట్రానికైనా మోయలేని ఖర్చు. పైగా మంచి లా కాలేజీ అంటే ఏమిటో జడ్జీలకు ఎవరూ వివరించనక్కర్లేదు. మేరీల్యాండ్ లా స్కూల్లో డొనాల్డ్ మర్రీకి సీటు ఇప్పించే కేసును గురుశిష్యులిద్దరూ కలిసి గెలిచారు. 1936లో రాష్ట్ర అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

మిస్సోరి కేసు ఇంకా పెద్దది. లాయిడ్ గైన్స్ అనే యువకుడికి ఆ రాష్ట్రం, కావాలంటే పక్క రాష్ట్రంలో చదువుకో, ఫీజు మేం కడతాం అంది. సుప్రీంకోర్టులో వాదనకు ముందు రాత్రి హ్యూస్టన్ హోవర్డ్ విద్యార్థుల ముందు తన వాదన మొత్తం వినిపించి, ప్రశ్నలు అడిగించుకున్నారు. 1938 డిసెంబరులో తీర్పు వచ్చింది. తెల్లవాళ్ళకు సొంత గడ్డ మీద చదువు ఇస్తున్న రాష్ట్రం నల్లవాళ్ళకూ అక్కడే ఇవ్వాలి. గైన్స్ మాత్రం ఆ కాలేజీ మెట్లెక్కలేదు. 1939 మార్చిలో షికాగోలో తను ఉంటున్న చోటి నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. కేసు పుస్తకాల్లో ఆయన పేరు మిగిలింది, మనిషి ఏమయ్యారో ఈనాటికీ తేలలేదు.

పై చదువుల కేసులతో సమాంతరంగా నడిచిన మరో పని గురించి తక్కువగా రాస్తారు. 1935లో సామాజిక భద్రతా బిల్లు మీద సెనేట్ కమిటీ ముందు హ్యూస్టన్ మాట్లాడారు. వృద్ధాప్య పింఛను పథకంలో పొలం కూలీలను, ఇళ్ళలో పనిచేసేవాళ్ళను లెక్కలోంచి తీసేశారు. చట్టంలో ఎక్కడా రంగు మాట లేదు. కానీ నల్లజాతి శ్రామికుల్లో సగం మందికి పైగా ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. ఇది నల్లవాళ్ళు జారిపోయేలా చిల్లులు పెట్టిన జల్లెడ అని ఆయన వాదించారు. బిల్లు అలాగే పాసైంది. కులం పేరెత్తకుండా కులాన్ని నిలబెట్టే నిబంధనలు చూసిన మనకు ఆ వాదన వివరించనక్కర్లేదు.

1938లో న్యూయార్క్ బాధ్యతలు మార్షల్‌కు వదిలి, హ్యూస్టన్ వాషింగ్టన్‌లో తండ్రి ఆఫీసుకు తిరిగొచ్చారు. పేరొచ్చే కేసులన్నీ శిష్యుడి చేతిలో ఉన్నాయి. ఈయన దగ్గరికి వచ్చింది రైల్వే ఫైర్‌మన్లు.

కాజీపేట, బెజవాడ లోకోషెడ్లలో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్ పనేమిటో తెలిసే ఉంటుంది. బాయిలర్ ముందు నిలబడి గంటల తరబడి పారతో బొగ్గు వేయాలి. అమెరికా దక్షిణాదిలో ఆ మసి పని నల్లవాళ్ళది. డ్రైవరు పదవి మాత్రం తెల్లవాళ్ళదే. బొగ్గు వేసే యంత్రాలు, ఆ వెనక డీజిల్ ఇంజన్లు వచ్చాక పని తేలికైంది, అప్పుడు తెల్లవాళ్ళకు అది కావాల్సి వచ్చింది. ఫైర్‌మన్ల యూనియన్ నల్లవాళ్ళను సభ్యులుగా చేర్చుకోదు. కానీ రైల్వే కార్మిక చట్టం ప్రకారం ఆ యూనియనే ఫైర్‌మన్లందరి తరఫున, నల్లవాళ్ళతో సహా, యాజమాన్యంతో మాట్లాడుతుంది. 1941లో అది దక్షిణాది రైల్వే కంపెనీలతో ఒప్పందం చేసుకుని నల్లవాళ్ళను మంచి పనుల నుంచి తప్పించడం మొదలుపెట్టింది.

అలబామాలో బెస్టర్ స్టీల్ అనే సీనియర్ ఫైర్‌మన్‌ను ప్రయాణికుల రైలు డ్యూటీ నుంచి తీసేసి, ఆయనకన్నా జూనియర్లయిన తెల్లవాళ్ళను వేశారు. పదహారు రోజులు పని లేదు. తర్వాత కష్టం ఎక్కువ, జీతం తక్కువ ఉన్న సరుకు బండి ఇచ్చారు. నల్ల రైల్వే కార్మికుల చిన్న సంఘాలు చందాలు పోగేసి హ్యూస్టన్‌ను పెట్టుకున్నాయి. అలబామా కోర్టుల్లో ఓడి, 1944 డిసెంబరు 18న సుప్రీంకోర్టులో గెలిచారు. అందరి తరఫున మాట్లాడే అధికారం చట్టం నుంచి పుచ్చుకున్న యూనియన్, తనలో సభ్యులు కానివాళ్ళకు కూడా న్యాయంగా ప్రాతినిధ్యం వహించాలి. అమెరికా కార్మిక చట్టంలో ఈనాటికీ వాడుకలో ఉన్న ఈ సూత్రం ఆ నల్ల ఫైర్‌మన్ కేసు నుంచి పుట్టింది. అయితే నల్లవాళ్ళను సభ్యులుగా చేర్చుకోమని మాత్రం కోర్టు యూనియన్‌ను ఆదేశించలేదు. తమ జీవితాల గురించి తమ వెనక మాట్లాడుకునే గదిలోకి ఫైర్‌మన్లకు ప్రవేశం రాలేదు. హ్యూస్టన్ చివరిదాకా ఈ రైల్వే కేసులు వదల్లేదు.

ఉద్యోగాల్లో వివక్షను విచారించే ఫెడరల్ కమిటీలో సభ్యుడిగా ఉన్నప్పుడు, వాషింగ్టన్ ట్రామ్ కంపెనీ నల్లవాళ్ళను డ్రైవర్లుగా తీసుకోవాలని కమిటీ ఆదేశం ఇవ్వబోతే అధ్యక్షుడు ట్రూమన్ అడ్డుకున్నారు. 1945 డిసెంబరులో హ్యూస్టన్ రాజీనామా చేశారు. 1948లో నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదన్న దస్తావేజుల షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, వాషింగ్టన్ ఇళ్ళ కేసు వాదించింది కూడా ఆయనే.

చివరి మలుపు ఒక మంగలి షాపులో మొదలైంది. వాషింగ్టన్‌లో గార్డ్‌నర్ బిషప్ అనే క్షురకుడి కూతురు చదివే నల్ల పిల్లల బడి కిక్కిరిసిపోయి, రెండు పూటలుగా విడగొట్టి నడిపేవారు. తెల్ల పిల్లల బడుల్లో గదులు ఖాళీ. 1947 డిసెంబరులో బిషప్ తల్లిదండ్రులను కూడగట్టి, పిల్లలను బడి మాన్పించి సమ్మె చేయించారు. తెల్లవాళ్ళ మీద ఉన్నంత కోపం ఆయనకు నల్లజాతి డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్ల మీద కూడా ఉండేది. తమలాంటి వాళ్ళను చూస్తే వాళ్ళు మొహం తిప్పుకుంటారని బాహాటంగా అనేవారు. హ్యూస్టన్ సరిగ్గా ఆ ఇళ్ళ నుంచి వచ్చిన మనిషి. అయినా బిషప్ ఆయన దగ్గరికే వెళ్ళారు. హ్యూస్టన్ ఫీజు మాట ఎత్తకుండా ఆ తల్లిదండ్రుల సంఘానికి లాయరయ్యారు. ఒకప్పుడు రాత్రి తరగతుల్లో చేరగలిగి ఉండే మనుషులు వీళ్ళు. వాళ్ళతో కూర్చుని, వాళ్ళు ఎంచుకున్న పోరాటానికి ఆయన కాగితాలు తయారుచేశారు. హోవర్డ్ నిర్ణయానికి ఇది ప్రాయశ్చిత్తం అని మేము అనం. ఆయన అలా అనుకున్నారని చెప్పే హక్కు మాకు లేదు.

1949లో గుండెపోటు వచ్చింది. మంచం మీద నుంచే బిషప్‌కు కబురు చేసి, ఇక జేమ్స్ నాబ్రిట్ దగ్గరికి వెళ్ళమన్నారు. నాబ్రిట్ హోవర్డ్ లా కాలేజీ అధ్యాపకుడు. 1950 ఏప్రిల్ 22న, ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో హ్యూస్టన్ కన్నుమూశారు. వయసు 54. కొడుక్కి అప్పటికి ఆరేళ్ళు. మరో ఆరు వారాలకు, టెక్సస్ లా కాలేజీ తలుపులు నల్ల విద్యార్థికి తెరవాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మార్షల్ ఆ కేసును గైన్స్ తీర్పు మీదే నిలబెట్టారు.

బడులు సమానంగా ఉండాలని అడిగే కేసు తాను చేయనని, వేరుచేయడమే తప్పని వాదించేట్టయితే వస్తానని నాబ్రిట్ బిషప్‌తో చెప్పారు. బిషప్ ఒప్పుకున్నారు. ఆ సెప్టెంబరులో ఆయన 11 మంది నల్ల పిల్లలను వెంటబెట్టుకుని, కొత్తగా కట్టిన సూసా జూనియర్ హైస్కూలుకు వెళ్ళి చేర్చుకోమన్నారు. గదులు ఖాళీగానే ఉన్నాయి. ప్రిన్సిపాల్ కుదరదన్నారు. ఆ పిల్లల్లో ఒకడైన స్పాట్స్‌వుడ్ బోలింగ్ పేరుతో నడిచిన కేసు, బ్రౌన్ కేసు తీర్పు వచ్చిన 1954 మే 17నే గెలిచింది.